రత్నమాల ఎందుకు రైలెక్కింది

సత్యకుమారి సంచిని సర్దడం అది మూడోసారి. అడుగున పులిబొమ్మ దుప్పటి, దాని మడతల్లో పాలపొడి డబ్బాలు నాలుగు, డబ్బాల సందుల్లో తలనొప్పి బామ్ సీసాలు, ఖర్జూరం పొట్లాలు, సబ్బులు. పైన చీరలు ఐదు. అన్నిటికీ మధ్యలో, ఎవరికీ కనపడకుండా, నేను దూర్చిన పాత ఇస్త్రీపెట్టె.

ఇస్త్రీపెట్టె సంగతి ఆమెకు తెలియదు. అయిదు కిలోల ఇనుము. విమానంలో ముప్పై కిలోలకు మించి ఎక్కనివ్వరని చెప్పారు. సంచి అంతకన్నా ఎక్కువ తూగితే సత్యకుమారి ఏదో ఒకటి తీయాలి. ఏది తీయాలో ఆమె ఒక పట్టాన తేల్చుకోలేదు. దుప్పటి తీస్తే చలి గుర్తొస్తుంది, పాలపొడి తీస్తే టీ గుర్తొస్తుంది. ఆలోపు రెండు రోజులు గడుస్తాయి. ఆ రెండు రోజుల కోసమే నా ప్రయత్నం.

తూకం వేసింది జిలానీ బాషా. నెల్లూరాయన, మా కటింగ్ మాస్టరు. గుడ్డ బేళ్ళు తూచే కాటా కొక్కేనికి సంచి తగిలించి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ముల్లు చూశాడు.

“ముప్పై అయిదున్నర. ఏందమ్మా సత్యమ్మా, కుట్టుమిషను గాని పెట్టుకోనుండావా ఏంది?”

“అయ్యో మాస్టరుగారూ, పోయిన వారం ముప్పయ్యే కదండీ ఉంది! నేనేమీ పెట్టలేదండి. మరి ఎలా పెరిగిందండీ?”

“ఉమ్మల్ క్వైన్ సముద్రపు గాలి గదా,” అన్నాను నేను. “దుప్పటి చెమ్మ పట్టింటాది.”

జిలానీ బాషా నా వైపు తిరిగాడు. “అయిదు కిలోల చెమ్మా, ఆపా?”

నేను పొయ్యి మీద పప్పు మాడుతోందని లోపలికి వెళ్ళిపోయాను. పొయ్యి మీద పప్పు లేదు.

ఇది 2020 జూలై నెల మాట. మాది స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డు. దుబాయి దగ్గరి ఉమ్మల్ క్వైన్‌లో, గోడౌన్ల వరుస చివర. వెనకాల మా గదులు. మార్చి వరకు ఇరవై రెండు మందిమి. కరోనాకు బడులు మూసేశాక పిల్లలు ఇళ్ళలో ఫోన్ల ముందు కూర్చుని చదువుకోవడం మొదలుపెట్టారు. పైన చొక్కా ఉంటే చాలట, కింద ఏమున్నా టీచరుకు కనపడదట. మా యజమాని అర్బాబ్ ఆ మాట చెప్పి నవ్వబోయి ఆగిపోయాడు, ఎందుకంటే షెడ్డులో ఎనిమిది వేల లాగులు కుట్టి ఉన్నాయి. మంచివాడు. వారానికోసారి బియ్యం, కందిపప్పు, గడ్డకట్టిన కోళ్ళు పంపేవాడు. వెళ్ళేవాళ్ళకు టికెట్టు తీసిస్తానన్నాడు. ఉండేవాళ్ళకు తిండి పెడతాను గానీ, బడులు తెరిచేదాకా పని చూపించలేనన్నాడు. ఒక్కొక్కరే వెళ్ళిపోయి చివరికి ముగ్గురం మిగిలాం. జిలానీ బాషా, సత్యకుమారి, నేను.

సత్యకుమారిది రాజోలు దగ్గర ఊరు. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నది. పదకొండేళ్ళుగా ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. ఆమె కాలరు కుట్టి నా వైపు తోస్తే నేను కాజా తీసి గుండీ కుట్టేదాన్ని. అట్లా ఎన్ని వేల చొక్కాలు మా ఇద్దరి మధ్య నడిచాయో. ఆమె వెళతానని పేరు రాయించిన రోజు నేను ఒకటే అడిగాను.

“ఏమ్మే, పోవాలని ఉందా నీకు?”

“అక్క రమ్మంది కదండీ, బానక్కా. అక్క కోడలు రావద్దంది, అది వేరే సంగతి. ఆయ్, ఇక్కడ మాత్రం నన్ను ఉండమన్నవాళ్ళు ఎవరున్నారండి?”

ఉండమని అప్పుడే అనొచ్చు. నేను అనలేదు. దానికి కారణముంది.

1987లో రాయచోటి బస్టాండులో మా ఆయన రెక్సిన్ సంచి పట్టుకుని బొంబాయి బస్సెక్కుతుంటే, నలుగురిలో చెయ్యి పట్టుకుని “పోవద్దు” అన్నాను. కండక్టరుతో సహా అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, నవ్వుతూనే ఎక్కాడు. సౌదీ నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి, ఎవరిచేతనో రాయించినవి. పోస్టుమాను చదివి వినిపించేవాడు. నా మొగుడి మాటలు పోస్టుమాను నోటి వెంట వినడం సిగ్గనిపించి, ఉప్పు చింతపండు పొట్లాల కాగితాలు ముందేసుకుని తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాను. రెండేళ్ళు పట్టింది. నాకు చదవడం వచ్చేసరికి ఉత్తరాలు ఆగిపోయాయి. అప్పటి నుంచి కనపడిన ప్రతి అక్షరమూ చదువుతాను, మందు సీసాల మీది చీటీలతో సహా. ఎవరినీ మాత్రం ఉండమని అడగను. అడిగితే వెళ్ళిపోతారని ఒక భయం. అడగకుండా ఇస్త్రీపెట్టెలు పెడతాను.

ఇక సినిమా సంగతి. మా ముదీర్, అంటే మేనేజరు, సిరియా ఆయన. ఏప్రిల్లో ఉద్యోగం పోయి వెళుతూ తన టీవీని, దానికి గుచ్చిన పెన్‌డ్రైవును మాకు వదిలి వెళ్ళాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క సినిమా. ఫ్రాన్సు వాళ్ళది. మాటలన్నీ ఫ్రెంచి, కింద అరబ్బీ అక్షరాలు. మొదటిరోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక ముగ్గురం కూర్చున్నాం. పదినిమిషాలు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

నాకు అరబ్బీ అక్షరాలు వచ్చు. చిన్నప్పుడు ఉస్తానీమ్మ దగ్గర ఖురాన్ చదవడం నేర్చుకున్నాం కదా, మా ఇళ్ళలో ఆడపిల్లలందరం నేర్చుకున్నట్టే. గడగడా చదువుతాం. అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. అదీగాక ఖురాన్‌లో గుణింతాల్లాంటి జేర్ జబర్లు పెట్టి ఉంటాయి కాబట్టి ఎట్లా పలకాలో తెలుస్తుంది. ఈ సినిమా కింద అవేమీ లేవు, ఎముకలు మాత్రమే ఉన్నాయి. అయినా అక్షరం కనపడితే నా నోరు ఆగదు. తెర మీద లావుపాటి మనిషి ఒకడు అరుస్తుంటే, కింద పడిన అక్షరాలను నాకు వచ్చిన ఆ ఖురాన్ రాగంలోనే పైకి చదివాను.

పక్కకి చూస్తే సత్యకుమారి కొంగు తలమీద కప్పుకుని చేతులు జోడించి ఉంది.

“బానక్కా! మీకు అరబ్బీ వచ్చాండీ? పదకొండేళ్ళల్లో ఒక్కనాడు చెప్పలేదేంటండీ!”

రాదని చెప్పాల్సింది. కానీ ఆమె కళ్ళలో అంత గౌరవం నేను ఏనాడూ చూడలేదు. అరవై రెండేళ్ళ వయసులో మనిషికి అప్పుడప్పుడూ అట్లాంటిది ఒకటి తగలాలి.

“ఏదో కొంచెం,” అన్నాను.

“అయితే చెప్పండి, ఆ లావాయన ఏమంటన్నాడు?”

అట్లా మొదలైంది. లావాయనకు బొజ్జప్ప అని పేరు పెట్టాను. గోడ మీద కేలండరులో 1934 అని ఉంది కాబట్టి కాలం తెలిసింది. ఏటి ఒడ్డున ఒక టోపీల ఫ్యాక్టరీ. లోకమంతా కరువు. జనం టోపీలు కొనడం మానేశారు. యజమాని తాళం వేసి వెళ్ళిపోతాడు. పనివాళ్ళు వెనక కిటికీలోంచి దూరి, ఆవిరి యంత్రాలను పక్కకు జరిపి, అమ్ముడుపోని టోపీలు నెత్తిన పెట్టుకుని పాటల కచేరీ మొదలుపెడతారు. ఊళ్ళో జనం వస్తారు. ఇంతవరకు బొమ్మ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. టోపీలకు రిబ్బన్లు కుట్టే అమ్మాయి ఉంది, ఆమె రత్నమాల. బాకా ఊదే గడ్డమాయన ఉన్నాడు. అతనికి బాకా సాయిబు అని పేరు పెట్టింది జిలానీ బాషా.

“మనోడే ఆపా. గడ్డం చూడు, టోపీ చూడు.”

“టోపీల ఫ్యాక్టరీలో అందరికీ టోపీలే కదండీ, మాస్టరుగారూ,” అంది సత్యకుమారి.

“అందరూ పెట్టుకోవడం వేరు, మనోడు పెట్టుకోవడం వేరు.”

ఇంకొక ముసలామె కూడా ఉంది. టోపీల లోపలి గుడ్డ కుడుతుంది. రత్నమాల పక్కన అదే బల్ల. ఆమెకు పేరు పెట్టలేదు. సత్యకుమారి మాత్రం చూసిన ప్రతిసారీ అనేది, “ఈవిడ అచ్చం మీలా ఉందండీ. కంగారు కూడా మీదే.”

పాటలొస్తే కింద అక్షరాలు పడేవి కాదు, నాకు ప్రాణం లేచొచ్చేది. ఎట్లాగూ ఎవరూ పట్టుకోలేరని పాటలన్నీ తిండి మీద కట్టేదాన్ని. కోరస్ అమ్మాయిలు కాళ్ళెత్తి ఎగురుతుంటే, “పొయ్యి మీద ఎసరుంది, ఎసట్లో వెయ్యను గింజ లేదు, లేకపోతే లేదు గానీ ఎసరు మోతే మద్దెల మోత” అని నేను పాడేదాన్ని. మూడోరోజుకు ముగ్గురం కలిసి పాడుతున్నాం. జిలానీ బాషా కత్తెరతో బల్ల మీద తాళం. అది ఆయన సొంత కత్తెర, పన్నెండు అంగుళాలది. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. సినిమాలో కటింగ్ సీను వచ్చినప్పుడల్లా టీవీ దగ్గరికి వెళ్ళి తిట్టేవాడు.

“అట్టనా పట్టేది కత్తెర? గుడ్డ జరిగిపోతా ఉండాది చూడు. అందుకే రా మీ ఫ్యాక్టరీ మూతబడింది!”

నెలన్నరలో ఆ సినిమా ఇరవై సార్లకు పైగా చూశాం. అసలు చిక్కు దాని చివరలో ఉంది. కచేరీ బాగా నడుస్తుండగానే రత్నమాల ఒకరోజు సంచి సర్దుకుంటుంది. వర్షం. ముసలామె ఆమె కోటు గుండీలు పెడుతూ ఉంటుంది. రత్నమాల ఏదో అంటుంది. ముసలామె జవాబు చెప్పదు, పై గుండీ పెట్టి పక్కకు తిరుగుతుంది. రత్నమాల రైలెక్కుతుంది. ఆఖరి సీనులో ఏడాది తిరుగుతుంది. అదే స్టేషను. బాకా సాయిబు, ముసలామె నిలబడి ఉంటారు. రైలు వస్తుంది, జనం దిగుతుంటారు, అందరూ దిగకముందే తెర నల్లబడి పాట మొదలవుతుంది.

“వచ్చిందాండీ, రాలేదాండీ?” అని అడిగేది సత్యకుమారి ప్రతిసారీ. “అసలెందుకు వెళ్ళిందండీ? మంచిగా పాడుకుంటందిగా!”

మొదటివారం, సంచి ఇంకా అటక మీదే ఉన్న రోజుల్లో, తల్లికి జబ్బు చేసిందని వెళ్ళింది, తగ్గాక వచ్చేసింది అని చెప్పాను. సత్యకుమారి పేరు రాయించాక నాకు ఆ కథ ప్రమాదంగా కనిపించింది. వెళ్ళి హాయిగా వచ్చేస్తే ఇక అడ్డేముంది? అందుకని మార్చాను. వెళ్ళింది గానీ, సొంతూళ్ళో ఎవరూ గడప తొక్కనివ్వలేదు అన్నాను. మొదటిసారి విమానం తేదీ వచ్చి వాయిదా పడ్డాక, ఊళ్ళో పాము కూడా కరిచిందన్నాను.

“మొన్న తల్లికి జబ్బు తగ్గిందన్నారు కదండీ. మరి ఇప్పుడు తల్లి గడప తొక్కనివ్వకపోవడమేంటండీ?”

“అది... సవతితల్లి.”

“మొన్న లేదు కదండీ సవతితల్లి!”

“అరబ్బీ కదమ్మే. చదివేకొద్దీ లోతు తెలుస్తాది.”

జిలానీ బాషా నమాజుకు లేస్తూ నా పక్కన వంగి మెల్లగా, “ఆపా, మా ఊళ్ళో నేనూ అట్టనే నేర్చుకున్నా అక్షరాలు. నాకూ ఒక్క ముక్క అర్థం కాదు. పాము వద్దులే, కొంచెం తగ్గించు,” అన్నాడు. మొదటిరోజు నుంచీ ఆయనకు తెలుసన్నమాట. తెలిసీ ఇరవై సార్లు కూర్చుని విన్నాడు, పాడాడు కూడా.

మూడోసారి తేదీ ఖాయంగా వచ్చింది. జూలై పదకొండు, శనివారం, విజయవాడకు ప్రత్యేక విమానం. అర్బాబ్ మనిషి ఫోను చేసి, కాగితాలు నింపడానికి టైపింగ్ సెంటరు అమ్మాయి వస్తుందని చెప్పాడు. తూకం వేసిన మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చింది. పేరు ఫైజా. ముప్పై ఏళ్ళుంటాయి. వాళ్ళది హైదరాబాదు, పుట్టి పెరిగిందంతా షార్జాలో. అరబ్బీ ఫారాలు రోజుకు వంద టైపు చేస్తుందట. మూతికి మాస్కు, దాని మీద ఇంకో మాస్కు, చేతులకు తొడుగులు. గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచింది.

సత్యకుమారి పాస్‌పోర్టు ఇచ్చి, ఆమె ముందు మంచినీళ్ళ సీసా పెట్టి, వద్దన్నా వినకుండా టీవీ కూడా పెట్టింది. “ఆయ్, ఆఖరిసారి చూసెల్తానండీ. మీరూ చూడండమ్మా. మా బానక్క అరబ్బీ చదివి అర్థం చెబుతారు. మీక్కూడా బావుంటాది.”

గ్యాసు కట్టేశానో లేదో చూడాలని లేచాను. అప్పటికే అది మూడుసార్లు చూశాను.

“కూర్చోండి బానక్కా! బొజ్జప్ప వచ్చేశాడు, చదవండి.”

చదివాను. రాగం మాత్రం వదల్లేదు. ఫైజా టైపు చేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి. ఆమె తెరను చూసింది, నన్ను చూసింది, మళ్ళీ తెరను చూసింది.

“ఖాలా, ఏం చదువుతున్నవ్?”

“బొజ్జప్ప దేవుణ్ణి తలుచుకుంటున్నాడు,” అన్నాను.

“దేవుణ్ణి గాదు ఖాలా. ‘నా ప్యాంటు ఏడ పెట్టిన్రు, ఆరబెట్టిన తాడు మీద లేదు’ అంటుండు.”

సత్యకుమారి తలమీద కొంగు నెమ్మదిగా జారింది. ఇరవై సార్లు దణ్ణం పెట్టింది పాపం, ఆ ప్యాంటుకి.

“మరి పాట?” అంది. “ఎసరు, గింజలు?”

“పాటల తిండి లేదక్కా. ఏదో నది గురించి పాడుతున్నరు. నాకు ఫ్రెంచి రాదు, ఊరికే అంటున్న.”

“పాముందాండీ?”

“పామేంది?”

సత్యకుమారి నా వైపు చూడలేదు. అది తిట్టడం కంటే ఎక్కువైంది. ఫైజాతోనే అంది. “అమ్మా, కొంచెం ముందుకి తోసి ఆ కోటు గుండీల సీను పెడతాను. అక్కడేమందో చెప్పండి. రత్నమాల ఎందుకు రైలెక్కిందో నాకు తెలియాలి.”

రత్నమాల అంటే ఎవరని ఫైజా అడగలేదు. తెర మీద వర్షం వచ్చింది. ముసలామె గుండీలు పెడుతోంది. నేను అక్కడ “గొడుగు మరిచిపోవద్దు” అని చెప్పేదాన్ని, ఇరవై సార్లూ. ఫైజా కళ్ళు చిట్లించి చదివింది.

“ఆ పిల్ల అంటుంది... ‘నన్ను ఎవరూ ఉండమని అనలే. నువ్వు ఒక్కసారి అను, ఈ సంచి ఇక్కడనే ఇప్పేస్త.’”

“ముసలావిడేమందండీ?”

“ఏమనలే. చూస్తున్నవ్ గదా. గుండీ పెట్టింది, అటు తిరిగింది.”

“ఇంకంతేనాండీ? మరి చివర్లో వచ్చిందాండీ?”

“ఆఖర్ల మాటలే లేవు గదక్కా. వచ్చిందో లేదో వాళ్ళు చెప్పలే.”

ఎనిమిది వేల లాగులు కట్టలు కట్టి మా వెనక గోడంత ఎత్తున ఉన్నాయి. తెర మీద ముసలామె పక్కకు తిరిగి నిలబడిపోయింది. సత్యకుమారి ఎప్పుడు ఆపిందో బొమ్మ ఆగిపోయి ఉంది. ఆ ముసలామె ముఖం చూస్తే నాకు ఒళ్ళు మండింది. నోట్లో ఏమున్నాయి, గుండీలా?

“పోవద్దు,” అన్నాను.

ఎవరితో అన్నానో మొదట ఎవరికీ తెలియలేదు. జిలానీ బాషా కూడా టీవీ వైపే చూశాడు.

“సత్యా, పోవద్దు. నాకు అరబ్బీ రాదు. ఒక్క ముక్క రాదు. నువ్వు పోతే ఆ బల్ల ముందు ఒక్కదాన్నే కూర్చోలేను. సంచిలో డబ్బాల మధ్య ఇస్త్రీపెట్టె ఉంది, అది నేనే పెట్టినా. చెమ్మ కాదు.”

“ఇస్త్రీపెట్టె కూడానాండీ!” అని సత్యకుమారి సంచి దగ్గరికి పరుగెత్తింది. చీరలు ఎగిరిపడ్డాయి, సబ్బులు దొర్లాయి. రెండు చేతులతో ఇస్త్రీపెట్టె ఎత్తి చూపించింది. “ఇది మనం వారం రోజులుగా వెతుకుతున్నది కదండీ!”

“అదే.”

“నోరు తెరిచి ఒక్క మాట అనడానికి మీకు ఇనుము కావాల్సొచ్చింది, పాము కావాల్సొచ్చింది, సవతితల్లి కావాల్సొచ్చింది! నేను పేరు రాయించిన రోజే అడిగాను కదండీ, ఉండమన్నవాళ్ళెవరని? చెవుల్లో దూదెట్టుకున్నారా?”

“అడిగితే పోతారని భయమమ్మే.”

“ఎవరు చెప్పారండీ మీకు?”

మా ఆయన సంగతి ఆమెకు తెలుసు. ఇస్త్రీపెట్టెను బల్ల మీద దాని పాత చోట పెట్టి, పాలపొడి డబ్బా ఒకటి తీసి మూత విప్పడం మొదలుపెట్టింది.

“టీ పెడతాను. ఫైజాగారూ, ఆ కాగితం చింపేయండి. నేనెళ్ళట్లేదు. అక్క కోడలికి పండగే.”

“అరే, ఏందక్కా!” అని ఫైజా తొడుగుల చేతులతోనే నుదురు కొట్టుకుంది. “అంతా టైపు అయిపోయింది! సీటు ఖాళీ పోతే అర్బాబ్ నన్ను తింటడు. ఈ సీటు కోసం బయట ఎంతమంది ఏడుస్తున్నరో ఎరుకనా?”

అప్పుడు జిలానీ బాషా కత్తెర కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

“నా పేరు కొట్టెయ్యమ్మా దాంట్లో.”

ముగ్గురం ఆయన వైపు తిరిగాం.

“ఏందట్టా చూస్తారు? మా అమ్మకి ఎనభై దాటినాయి. చూసి రెండేళ్ళయింది. ఇక్కడ పనా పాటా. లాగులు లెక్కబెట్టుకుంటా కూర్చోడమే గదా. బోయి ఒక నెలుండి, బడులు తెరిచేలోపు వచ్చేస్తా.”

ఆయన వెళతాడనుకుంటే నాకు ఏ కంగారూ రాలేదు. నాకే ఆశ్చర్యమేసింది. నెల రోజుల మాట. పైగా ఆ రోజు నా భయాలన్నీ ఒకే మనిషి మీద పెట్టి ఉన్నాను, ఆ మనిషి టీ పెడుతోంది. ఆనందంలో నేనే ఆయన లుంగీలు రెండు, చొక్కాలు నాలుగు తెచ్చి మడతపెట్టాను. సత్యకుమారి చీరలు తీసేసి పులిబొమ్మ దుప్పటి మాస్టరు వాళ్ళమ్మకని అందులోనే ఉంచేసింది. ఖర్జూరం, బామ్ సీసాలు కూడా. కాటాకు తగిలిస్తే ఇరవై ఒకటి తూగింది.

“ఇస్త్రీపెట్టె పెట్టనా?” అన్నాను.

“నాకొద్దు తల్లీ. నన్ను ఎవురూ పోవద్దనే పన్లేదుగా,” అని నవ్వాడు. మేమూ నవ్వాం.

శనివారం పొద్దున అర్బాబ్ కారు పంపాడు. జిలానీ బాషాకు తెల్లటి పీపీఈ డ్రెస్సు ఇచ్చారు. అది తొడుక్కుని అద్దంలో చూసుకుని, చంకల దగ్గర కుట్టు వంకరగా ఉందని, ఎవడు కుట్టాడోనని తిట్టాడు. కత్తెర మాత్రం గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

“విమానంలో రానీరు. ఐనా వచ్చేవాడికి ఎందుకు? ఎవురినీ ముట్టుకోనీబాక ఆపా. ముఖ్యంగా సత్యమ్మని.”

“నేనేం చేస్తానండీ మీ కత్తెరని!”

“కొత్తిమీర తరుగుతావు. నాకు తెల్దా?”

కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాం. “వెళ్ళిరా” అన్నాను. పోవద్దని నేను అనలేదు, అననందుకు చాలా తేలికగా అనిపించింది. ఆ మధ్యాహ్నం సినిమా పెట్టుకుని, కటింగ్ సీను వచ్చినప్పుడు ఆయన తిట్లు మేమిద్దరం తిట్టాం. స్టేషను సీనులో మాత్రం ఏమీ చెప్పమని సత్యకుమారి అడగలేదు, నేనూ చెప్పలేదు.

బడులు ఆగస్టు ఆఖరున సగం సగం తెరుచుకున్నాయి. పని పూర్తిగా రావడానికి ఏడాది తిరిగింది. ఎనిమిది వేల లాగులూ అమ్ముడయ్యాయి. అర్బాబ్ జిలానీ బాషాకు కొత్త వీసా తీశాడు, 2021 ఏప్రిల్ ఇరవై ఎనిమిదికి టికెట్టు పంపాడు. జిలానీ బాషా ఫోనులో “కత్తెరకి నూనె పెట్టుండు ఆపా, తుప్పు పడితే ఊరుకోను” అన్నాడు. పెట్టాను. ఇండియాలో కరోనా మళ్ళీ ముదిరిందని, ఏప్రిల్ ఇరవై నాలుగు నుంచి అక్కడి విమానాలను ఇక్కడికి రానివ్వడం ఆపేశారు.

సత్యకుమారి ఇప్పుడూ నా పక్కనే కాలర్లు కుడుతోంది. పులిబొమ్మ దుప్పటి ఇంకొకటి కొనుక్కుంది. కత్తెర గుడ్డలోనే ఉంది, కొత్తిమీరకు ముట్టుకోలేదు.

జిలానీ బాషా తిరిగి రాలేదు. నెల్లూరులో పోయాడు, 2021 మే తొమ్మిది, ఆదివారం.